గొంగడి ముడి

నకిరేకల్ బస్టాండు ఎదురుగా నాగరాణి ‘ప్యారిస్ లేడీస్ కార్నర్’ తెరిచి నలభై రోజులైంది.

వచ్చే ఆడవాళ్లు అటూ ఇటూ చూసి లోపలికి దూరతారు. సైజు చెవిలో చెబుతారు. పొట్లం కొంగు చాటున దాచుకుని మాయమవుతారు. ఇలా గుట్టుగా సాగే బేరంతో దుకాణం కిరాయి కూడా వెళ్లేలా లేదు.

అందుకే దుకాణం మధ్యలో, అద్దాల పెట్టెలో ఒక లేసు బాడీ పెట్టింది. ప్యారిస్‌లో చేత్తో కుట్టినది. హైదరాబాద్ టోకు వ్యాపారి దుకాణం తెరిచిన రోజు బహుమతిగా ఇచ్చాడు. అది అమ్మడానికి కాదు, పేరు నిలబెట్టడానికి.

ఇవాళ పదకొండింటికి రైస్ మిల్లు ప్రమీలమ్మ వస్తానంది. కూతురి పెళ్లి. “గా ప్యారిస్‌ది చూసినంకనే బేరం” అని ఫోన్లో ముందే చెప్పింది. ఆమె మెచ్చితే ఊళ్లో సగం పెళ్లిళ్లు ఇటే వస్తాయి. మెచ్చకపోతే దుకాణానికి తాళమే.

దుమ్ము దులుపుదామని నాగరాణి దాన్ని బయటికి తీసింది.

పెట్టె మూలకు తగులుకుని ఎడమ పట్టీ కుట్టు పుటుక్కున తెగింది.

“బిడ్డా, జర మంచినీళ్లుంటె ఇయ్యవా?”

గుమ్మంలో ఒక పెద్దామె. ముతక నూలు చీర, భుజాన గుడ్డసంచి, కాళ్లకు మాత్రం తెల్ల బూట్లు. మోకాళ్ల నొప్పులేమో అనుకుని నాగరాణి నీళ్లిచ్చింది.

నీళ్లు తాగి పెద్దామె ఆ లేసు మీద చెయ్యి వేయబోయింది.

“ముట్టకవ్వా. అది ప్యారిస్‌ది.”

“గట్లనా.”

“మరేమనుకున్నవ్? ఆడ రాణులు తిమింగలం ఎముకలు పెట్టి నడుము బిగగట్టుకునేటోళ్లంట. ఊపిరాడక దబ్బున పడిపోయేటోళ్లంట. ఎనుకట ఒక ఫ్రెంచామె కత్తెర పట్టి గా ఎముకల రవికను రెండు ముక్కలు చేసింది. మీది ముక్కనే గీ బాడీ.”

టోకు వ్యాపారి చెప్పిన ఈ కథను నాగరాణి నలభై రోజులుగా వచ్చినవాళ్లందరికీ అప్పజెబుతోంది.

పెద్దామె హాయిగా నవ్వింది. “మనోళ్లు ఎముకల జోలికి పోలే. ముడి రవిక తొడిగి, ముంగట ముడేసి, వరి నాట్లకు పోయిన్రు. ఊపిరికి ఊపిరి, పనికి పని.”

నాగరాణికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. “పట్టీ తెగింది అవ్వా. అర్ధగంటల ప్రమీలమ్మ వస్తది. నా కొంప మునిగింది.”

“ఇటియ్యి. కుడత.”

“గది జాకెట్ కాదు.”

“తెల్సు బిడ్డా. ముప్పై ఏండ్ల సంది సూది పనే.”

“ఏడ? భీవండిలనా?”

“దానికంటె జర దూరం. మా అమ్మ సంవత్సరీకానికి వచ్చిన. ఇయ్యాల మళ్ల పోతున్న.”

“అయితే సూరత్,” అని నాగరాణి తేల్చేసింది. పని వెతుక్కుంటూ ఊరు దాటితే భీవండి, కాదంటే సూరత్. ఆమె లెక్కలో మూడో ఊరు లేదు.

పెద్దామె సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసింది. వెంట్రుకంత సూది, తెల్ల దారం. బాడీని లోపలివైపుకు తిప్పింది. తెగని కుడివైపును ఒకసారి వేలితో తడిమి, తనలో తాను నవ్వుకుని, ఎడమవైపు కుట్టడం మొదలుపెట్టింది.

“లోపలి దిక్కు గంత సోకెందుకవ్వా? ఎవరు చూస్తరు?”

“పని నేర్పినామె అనేది. మీది అందం ఊరికి, లోపలి అందం తొడిగినామెకు. ఎవ్వరు చూడని కుట్టే మంచిగ రావాలె అని.”

చివర దారాన్ని మూడు చుట్లు తిప్పి, చిన్న పువ్వులా ముడి వేసింది.

“గిదేం ముడి?”

“మా అమ్మ గొంగడి అంచుకు ఏసేది. మంద కాడ గొంగళ్లు కలిసిపోతె మా ఇంటిదేదో తెల్వాలె గద. మా ఇంట్ల తప్ప ఎవ్వరు ఎయ్యరు. ఇగ నేనొక్కదాన్నే మిగిలిన.”

“గొంగడి ముడి తీస్కపోయి ప్యారిస్ దానికి ఏస్తివి. ప్రమీలమ్మ చూస్తె నవ్వుతది.”

“నవ్వనీ బిడ్డా.”

బయట కారు ఆగింది. నాగరాణి కంగారుపడింది. ముతక చీర ముసలామె ఈ దుకాణంలో కనబడితే ఏం బాగుంటుంది?

“జర ఎనుక తలుపుకెల్లి పో అవ్వా.”

పెద్దామె ఏమీ అనుకోలేదు. డబ్బా సంచిలో వేసుకుని నవ్వుతూనే వెళ్లింది. నాగరాణి ఆమె పేరైనా అడగలేదు.

ప్రమీలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని బాడీని ముందూ వెనుకా, లోపలా బయటా తిప్పి చూసింది.

“లోపల గూడ గింత సక్కగ కుడతరా! మనోళ్లూ ఉన్నరు, దేనికి? పెరటి చెట్టు మందుకు పనికి రాదంటరు. మా పిల్లకు డజను ఇయ్యి.” తర్వాత నాగరాణి చెవి దగ్గరికి వంగింది. “నాకు రెండు.”

నాగరాణికి ప్రాణం లేచొచ్చింది. గబగబా అలమారలోని బాడీలు తీసి పొట్లాలు కట్టసాగింది.

“ముళ్లు గూడ రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉన్నయి,” అంది ప్రమీలమ్మ. “పువ్వు లెక్క.”

“రెండు దిక్కులనా?”

నాగరాణి పొట్లం వదిలేసి వెనుక సందులో చూసి, అవ్వ కనబడక ఎదురుగా బస్టాండుకు పరుగెత్తింది. హైదరాబాద్ బస్సు అప్పుడే మలుపు తిరిగిపోయింది. ఉసూరుమంటూ తిరిగొచ్చి, బాడీని వెలుతురుకు పట్టి చూసింది.

కుడివైపున, ప్యారిస్ అని నేసిన గుడ్డ చీటీ కింద, కాస్త పసుపెక్కిన పాత దారంతో, అదే మూడు చుట్ల గొంగడి ముడి.