గువ్వలబండ కింద దిష్టి

“మీ వెంట మగాళ్ళెవరూ లేరా అమ్మా?”

అడవి గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్న ముసలాయన అడిగాడు.

నాగజ్యోతికి ఒళ్ళు మండింది. సత్తెనపల్లిలో బయల్దేరినప్పటి నుంచీ అందరిదీ ఇదే గోల. మొగుడైతే, “మధ్యాహ్నానికల్లా ఫోన్ చేస్తావులే, వచ్చి తీసుకెళ్ళమని!” అని నవ్వాడు కూడాను.

“లేరు. ఏం, కొండ ఎక్కనివ్వదా?”

వెంట వచ్చింది వాళ్ళ వీధిలోని ఆరుగురు ఆడవాళ్ళు, ఆమె పదేళ్ళ కూతురు శ్రీనిధి. నల్లమల అభయారణ్యంలో ఆరు కిలోమీటర్ల కాలిబాట. పైన జలపాతం చూసి, ఎవరి సాయమూ లేకుండా సాయంత్రానికి దిగి రావాలి. పిల్లతో సహా అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చి, మొగుడి నోరు మూయించాలి. అదీ ఆమె పంతం.

ముసలాయన చేతికర్ర, నీళ్ళ క్యాను పట్టుకుని వాళ్ళ వెనకే బయల్దేరాడు.

వీళ్ళు ఆగితే ఆగుతాడు. నడిస్తే నడుస్తాడు.

“ఏంటండీ, మాకు కాపలానా?” నాగజ్యోతి వెనక్కి తిరిగి అరిచింది.

“నా దారిన నేను నడుస్తున్నానమ్మా.”

“ఆ నడిచేదేదో మా ముందు నడవండి!”

వింటేనా!

జలపాతం భలే ఉంది. మిరప కోతల్లో నడుములు వంచీ వంచీ విసిగిన ఆడవాళ్ళు, చిన్నపిల్లల్లా నీళ్ళు చల్లుకున్నారు.

దిగేటప్పుడు గువ్వలబండ కింద శ్రీనిధి కాలు జారింది. మోకాలు చీరుకుపోయింది.

“దిష్టే! పొద్దున్నుంచీ అందరి కళ్ళూ దీని మీదే!” అంది నాగజ్యోతి.

సంచిలో ఎండుమిరపకాయలు ఉండనే ఉన్నాయి. మిరప రైతు భార్య సంచిలో అవి లేకపోతేనే వింత.

“అడవిలో నిప్పేంటే జ్యోతీ? మేమైతే ప్రార్థన చేసుకుని ఊరుకుంటాం,” అంది వెంట వచ్చిన ఎలీసమ్మ టీచరు.

“నువ్వు ప్రార్థన చెయ్యి. నా పని నేను చేస్తా.”

ఎండాకులు పోగేసి అంటించింది. మిరపకాయలు పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. నిప్పులో వేయబోయేంతలో క్యానెడు నీళ్ళు వచ్చి మంట మీద పడ్డాయి.

ముసలాయనే!

“అరవకండి. పిల్లని ఎత్తుకుని నడవండి,” అన్నాడు గొంతు తగ్గించి.

“నీకేమైనా పిచ్చా?”

“పైన అవి...” అంటూ ఆయన కర్రతో చూపించాడు. బండ మీద పెద్ద పెద్ద నల్లటి మరకలు. ఆమెకి ఇంకేం కనపడలేదు.

“మళ్ళీ అంటిస్తా. ఏం చేసుకుంటావో చేసుకో!” అంటూ ఆయన మాట పూర్తి కానివ్వకుండానే అగ్గిపెట్టె తీసింది.

ఆయన దాన్ని లాక్కున్నాడు.

“తిట్టు, కొట్టు, కేసు పెట్టుకో. ఇక్కడ నిప్పు మాత్రం వెలగనివ్వను.”

అన్నంత పనీ చేసింది నాగజ్యోతి. గేటు దగ్గర ఫిర్యాదు పుస్తకంలో, ‘ఆడవాళ్ళ వెంటపడి దౌర్జన్యం చేసిన ఈ మనిషిని మళ్ళీ అడవిలోకి రానివ్వకూడదు’ అని రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించింది.

ఆయన అగ్గిపెట్టె బల్ల మీద పెట్టి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చాడు గార్డు కరుణాకర్. పుస్తకం చదివి తల పట్టుకున్నాడు.

“గువ్వలబండ మీద నల్లగా ఉన్నవి మరకలు కాదమ్మా. కొండ తేనెటీగలు. పొగ తగిలితే ఒక్కళ్ళనీ వదలవు.”

నాగజ్యోతి కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

“ఆయన మీ డిపార్ట్‌మెంటా?”

“కాదండీ. బాపయ్య గారని, ఒక మిరప రైతు. ప్రతి ఆదివారం వస్తారు. పిల్లలున్న గుంపు కనిపిస్తే వెనకే నడుస్తారు.”

“ఆ కాగితం చించెయ్యండి!”

“పేజీలకి నంబర్లుంటాయమ్మా. పై ఆఫీసుకి వెళ్ళాల్సిందే. ఇక ఆయన్ని రానివ్వరు.”

“అంత పంతమేంటండీ ఆయనకి?” అడిగింది నాగజ్యోతి.

కరుణాకర్ పుస్తకం మూశాడు.

“రెండేళ్ళ క్రితం ఆ బండ కిందే తేనెటీగలు కుట్టి ఆయన మనవరాలు చనిపోయింది. ఆ రోజు ఆ పిల్లకి దిష్టి తీసి, మిరపకాయలు కాల్చింది ఆయనేనమ్మా.”