టెంటంటే భయం

ఆఖరి కాటేజీ తాళంచెవి కూతురి చేతికి వచ్చింది.

వరుసలో వెనక నిలబడ్డవాళ్ళు ఉసూరుమన్నారు. కూతురు తిరిగి చూడలేదు.

ఆమె తల్లి వానాకాలం నుంచి పడుకోలేదు. కీళ్ళన్నీ బిగుసుకుపోయి, రాత్రంతా కుర్చీలో కూర్చునే కునికిపాట్లు పడుతోంది. ఈ ఊరి వేడినీటి బుగ్గల్లో స్నానం చేయించి, తల్లి ఒక్క రాత్రయినా నడుం వాల్చి నిద్రపోతుంటే చూడాలని కూతురు ఇంత దూరం తీసుకొచ్చింది.

కాటేజీ అంటే చెక్క గోడలు, తలుపు, మంచం, పరుపు. అది దొరకనివాళ్ళకు కింద మైదానంలో గుడారం, నేల మీద చాప. ఎవరైనా ఏది కోరుకుంటారు?

తల్లిని కారులోంచి దించుతుంటే, ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్న ఒకావిడ లేచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. మెడదాకా శాలువా కప్పుకుని, తొందరేమీ లేనట్టు దర్జాగా నడిచింది.

"అమ్మాయ్, ఆ కాటేజీ నాకివ్వు. నా టెంటు నువ్వు తీసుకో."

కూతురు తను సరిగానే విన్నానా అనుకుంది.

"నాకు టెంటంటే భయం. కప్పలూ అవీ లోపలికొస్తాయి," అంది ఆవిడ.

"ఈ చలికి కప్పలు కూడా దుప్పటి కప్పుకుని పడుకునుంటాయండీ. అయినా మా అమ్మ మీదకెక్కితే ఫరవాలేదా?"

"మీ అమ్మ నాలా పిరికిది కాదులే. మొహం చూస్తేనే తెలుస్తోంది."

తల్లికి నవ్వొచ్చింది. కూతురికి ఒళ్ళు మండింది.

అయినా ఓపిక పట్టి తల్లి జబ్బు సంగతి చెప్పింది. కుర్చీలో గడిపే రాత్రుల సంగతి చెప్పింది. ఆవిడ అంతా శ్రద్ధగా విని మళ్ళీ మొదటికొచ్చింది. ఆఫీసు గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, అది కాదండీ ఆ మూల టెంటు, అని ఏదో అనబోయాడు. ఆవిడ ఒక్క చూపు చూసేసరికి తల లోపలికి లాక్కున్నాడు.

ఆరోగ్యంగా తిరిగే మనిషికి జబ్బుమనిషితో పోటీ ఏమిటని, పెద్దవయసుకు కాస్త పెద్దరికం కూడా ఉంటే బాగుండేదని కూతురు అనేసింది.

ఆవిడ తల వంచుకుంది. అక్కడి నుంచి మాత్రం కదల్లేదు.

అప్పుడు తల్లి నోరు విప్పింది.

"ఇచ్చెయ్యవే. భయమంటోందిగా పాపం. నన్నొకరు ఏదైనా ఇవ్వమని అడిగి ఎన్నాళ్ళయిందో."

కూతురు తల్లి మొహంలోకి చూసింది. చాన్నాళ్ళుగా అక్కడ లేని ఠీవి ఒకటి కనిపించింది. ఇక వాదించలేకపోయింది. తాళంచెవి ఉన్న చేయి విసురుగా చాచింది. ఆవిడ రెండు చేతులూ దోసిలి పట్టి అందుకుంది.

"పెద్ద సాయం చేశావక్కా."

"హాయిగా పడుకో చెల్లీ," అంది తల్లి.

గుడారం మైదానం చివర ఒక మూలకు ఉంది. కూతురు దారి పొడుగునా సణుగుతూనే ఉంది. లోపలికి వెళ్ళాక తల్లి, రాక రాక ఒక ఊరికి వచ్చాం, కాసేపు నడుం ఆనించి చూస్తానంది. కూతురు ఆమెను మెల్లగా చాప మీదికి ఒరిగించింది.

"ఇదేమిటే?" అంది తల్లి.

చాప కింద నేల వెచ్చగా ఉంది.

అది ఎండ విడిచిపెట్టి వెళ్ళిన వేడి కాదు. రోజంతా ఎండే లేదు. బయట చలి కొరుకుతోంది. ఈ వెచ్చదనం లోపలి నుంచి, ఎక్కడో చాలా అడుగు నుంచి వస్తోంది. కూతురు చాప అంచు ఎత్తి నేలకు అరచేయి ఆనించింది. సన్నగా అదురుతోంది. నిద్రపోతున్న ఆవు పొట్ట మీద చేయి వేసినట్టుంది. ఇంత పెద్ద భూమికి ఒంట్లో ఇంత వెచ్చదనం ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చేయి తీయబుద్ధి కాలేదు.

కాసేపటికి తల్లిని పిలిచింది. తల్లి పలకలేదు. గాభరాగా వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

తల్లి నిద్రపోతోంది. వెల్లకిలా, కాళ్ళు చాపుకుని, చంటిపిల్లలా నోరు కొద్దిగా తెరుచుకుని.

తెల్లవారి కూతురు లేచేసరికి పక్కన ఎవరూ లేరు. బయటికి పరుగెత్తింది.

ఆ మూలంతా గడ్డి సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. అప్పుడే వచ్చిన ఎండ పడి ఆవిరంతా వెలిగిపోతోంది. ఆ వెలుగు మధ్యలో తల్లి నిలబడి ఉంది. ఎవరూ లేపకుండా, దేన్నీ పట్టుకోకుండా.

"మాట్లాడకే," అంది తల్లి మెల్లగా. "చూడు."

కూతురు చూసింది. ఇద్దరూ చాలాసేపు అలాగే నిలబడ్డారు.

తర్వాత కూతురు కాటేజీల వైపు నడిచింది. నిన్న అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చి చెవులు కాలిపోతున్నాయి. మిట్ట మీద, గుంజల పైన నిలబెట్టిన చెక్క గది అది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కాలు పెడితే మంచుగడ్డ మీద పెట్టినట్టయింది.

గది ఊడుస్తున్న మనిషి, ఆవిడ మొదటి బస్సుకే వెళ్ళిపోయిందని చెప్పింది. వారానికి తీసుకున్న టెంటు అక్కావాళ్ళకే ఉంచమని ఆఫీసులో చెప్పి వెళ్ళిందట. బుగ్గ నీళ్ళు అడుగున పారే చోటు మైదానం మొత్తంలో అదొక్కటేనట. పోయిన చలికాలమే చెప్పి పెట్టుకుంటే ఈసారి ఆవిడకు దొరికిందట.

"ఆ ముక్క నిన్న నాతో అనొచ్చు కదా."

"అంటే మీ అమ్మగారు తీసుకునేవారా?"

కూతురు ఆవిడది ఏ ఊరో, మళ్ళీ ఎప్పుడొస్తుందో అడిగింది.

"ఇంక రాగలదో లేదోనమ్మా," అంది ఊడ్చే మనిషి, చీపురు ఆపి. "మీ అమ్మగారి జబ్బే ఆవిడకీను, పొద్దున బస్సులోకి ఇద్దరం మోసుకెళ్ళి కూర్చోబెట్టాం."