జెలిగ్ చేతి వణుకు

"వణుకుతోందే!" అన్నాడు జెలిగ్.

"ఒలుకుతోందా? ఒలికితే తుడుచుకో. గుడ్డ నీ పక్కనే ఉంది" అంది ఫ్రైదా వంటింట్లోంచి.

"ఒలకడం కాదే, వణకడం!"

"ఉడకలేదా? పొద్దుణ్ణించీ పొయ్యి మీదే ఉంది ఆ కోడి చారు. ఇంకా ఉడకలేదంటే తప్పు నీ పళ్ళది."

"చారు కాదు మహాతల్లీ, చెయ్యి! నా కుడి చెయ్యి వణుకుతోంది!"

ఫ్రైదా గరిటతో సహా బయటికొచ్చింది. జెలిగ్ చేతిలో చారు గిన్నె పెళ్ళిలో బావమరిదిలా గంతులేస్తోంది. శుక్రవారం సాయంత్రం సబ్బాతు భోజనానికని బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద పచ్చటి మరక పాకుతోంది. ఒలకడమూ నిజమే, వణకడమూ నిజమే.

"ఎప్పట్నించి?"

"పండగ వెళ్ళినప్పట్నించి."

"ఇప్పుడా చెప్పడం?"

"చెబుతూనే ఉన్నా. నువ్వు ఇప్పుడు విన్నావు."

యెరూషలేంలో ఆ పేట మొత్తానికి జెలిగ్ లేకుండా పెళ్ళి జరిగేది కాదు. పెళ్ళికొడుకుగా కాదు లెండి, పెళ్ళి విదూషకుడిగా. అప్పటికప్పుడు పాటలు కట్టి పెళ్ళికూతుర్ని ఏడిపించడం, ఆనక పెళ్ళివారిని నవ్వించడం అతని వృత్తి. ఏడుపు రాకుండానే ఏడ్చేవాడు, చుక్క ముట్టకుండానే తూలేవాడు. పెళ్ళి పందిట్లో నోరంతా అతనిదే. ఇంట్లో మాత్రం నోరు ఫ్రైదాది, చెవులు అతనివి.

ఆ ఫ్రైదాకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఒంట్లో ఒకరకం కొవ్వుని కరిగించే ఎంజైము తక్కువ. కరగని కొవ్వంతా పోయి ప్లీహంలోనూ ఎముకల్లోనూ కాపురం పెడుతుంది. పోలండు నుంచి వచ్చిన తాతలు వెండి దీపపు స్తంభాలతో పాటు దీన్నీ మూటగట్టి తెచ్చి పిల్లలకిచ్చారు. పేరు గోషే. జబ్బు ఫ్రైదాది, ఘోష డాక్టర్లది. రెండు వారాలకోసారి చేతికి సూది గుచ్చి ఆ ఎంజైము ఎక్కించాలి. గుచ్చేదాకా ఆవిడ వాళ్ళని మాటలతో గుచ్చుతుంది.

"ఇదేంటో నాకు తెలుసు" అంటూ ఫ్రైదా కుర్చీలో కూలబడింది. "పార్కిన్సన్. గోషే ఉన్నవాళ్ళకే కాదు, ఆ జన్యువు సగం మోసేవాళ్ళకి కూడా పెద్దతనంలో రావచ్చని మా క్లినిక్‌లో చెప్పారు. అందరికీ కాదు, కొందరికి. మీ తాతా మా తాతా ఒకే ఊరివాళ్ళాయె. నీలోనూ ఆ సగం ఉండే ఉంటుంది."

"మరి నిన్నూ ఒకసారి నరాల డాక్టరుకి చూపించుకోమన్నారుగా?"

"అన్నారు. ఆపరేషన్లలో ప్లీహం ఇచ్చాను, తుంటి ఇచ్చాను, ఇంక నరాలు కూడానా? చచ్చినా ఇంకో డాక్టరు గడప తొక్కనని చెప్పేశాను. అయినా ఇప్పుడు నా సంగతెందుకయ్యా! రేపు సబ్బాతు సెలవు, ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాం, నువ్వూ నేనూ." మాట్లాడుతూనే అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "నువ్వు మంచానపడితే నేనెవర్ని తిట్టుకుని బతకను?"

ఆదివారం నరాల డాక్టరు హగిత్ గదిలో కూర్చున్నారు. చిన్నపిల్ల, నెమ్మదైన మనిషి.

"ఇద్దర్నీ జంటగా చూస్తానమ్మా. పక్కన మీరూ చేస్తుంటే ఆయనకి ధైర్యం. సరేనా?"

"చూసుకో తల్లీ. నాదేం పోయింది?"

బొటనవేలికి చూపుడువేలు గబగబా తట్టమంది. జెలిగ్ వణుకుతూనే తట్టాడు. ఫ్రైదా జోరుగా మొదలుపెట్టింది గానీ పోనుపోను వేళ్ళ మధ్య అలకొచ్చినట్టు ఒకదానికొకటి అందడం మానేశాయి.

"ఉల్లిపాయలు తరిగి తరిగి అరిగిపోయాయి" అంది.

వసారాలో నడవమంది. నడిచారు. ఫ్రైదా ఎడమ చెయ్యి సంచీ లేకపోయినా సంచీ మోస్తున్నట్టు బిగుసుకుని ఉంది.

"ఆయన పాదాలు చూడు డాక్టరమ్మా, ఎలా ఈడుస్తున్నాడో!"

డాక్టరమ్మ ఆయన పాదాల వంక చూడలేదు. గదిలోకొచ్చాక చిన్న సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూడమని ఇచ్చింది.

"కాఫీ" అన్నాడు జెలిగ్.

ఫ్రైదా ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఖాళీ."

"కాఫీయే!"

"ఖాళీయే! చూశావా తల్లీ, ఈ మనిషికి లేని వాసనలు కూడా వస్తున్నాయి. జబ్బు ముక్కుకి కూడా ఎక్కిందా ఏమిటి?"

జెలిగ్ నవ్వబోయాడు. నవ్వలేక కిటికీ వైపు తిరిగాడు. ఊరందరి ముందూ అన్నిసార్లు ఏడ్చినవాడు ఇలా మొహం దాచుకోవడం ఫ్రైదా ఎన్నడూ చూడలేదు. వెళ్ళి వీపు మీద చెయ్యేసింది.

"ఊరుకో. నేనున్నాగా" అని డాక్టరు వైపు తిరిగింది. "చెప్పు తల్లీ, తట్టుకుంటాను. అదేనా?"

"అదేనమ్మా" అంది హగిత్ మెల్లగా. "పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ ముందే వచ్చారు. మందూ, రోజూ నడకా ఉంటే ఇంకా చాలా ఏళ్ళు హాయిగా గడపొచ్చు."

"మందు నేను మింగిస్తాను. నడక నేను నడిపిస్తాను. విన్నావుటయ్యా? రేపట్నించి పొద్దున్నే పాత కోట గోడ పక్కన, నువ్వూ నేనూ!"

అంటూ లేచి కోటు తొడుక్కుంది. బొత్తాం కాజాలో దూరలేదు. మళ్ళీ తోసింది. దూరలేదు.

"ఏ దర్జీ కుట్టాడో గానీ, వాడికి కళ్ళు లేవు!"

జెలిగ్ వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. మెడ దగ్గర్నించి ఒక్కో బొత్తామూ పెట్టసాగాడు.

"కోప్పడకు ఫ్రైదా. నీ కోసమంటే వచ్చేదానివా నువ్వు?"

ఫ్రైదా తల వంచి అతని వేళ్ళ వంక చూసింది.

అవి వణకడం లేదు.