రెండంతస్తుల నడుమ

మదనపల్లెలోని బట్టల షోరూములో లిఫ్టు రెండు, మూడు అంతస్తుల నడుమ టక్కున ఆగిపోయింది. లోపల ఇద్దరే ఉన్నారు. షోరూము ఓనరు భీమరావు, లిఫ్టు బాగు చేయడానికి పుంగనూరు నుంచి వచ్చిన ఇంజినీరు అఫ్సానా.

"దీన్ని బాగు చేసేకే కదమ్మా నువ్వు వచ్చింది? నిన్ను గూడా పట్టేసుకునిందే," అన్నాడు భీమరావు.

అఫ్సానా వెంటనే నేలమీద కూర్చుని, బటన్ల పలక ఊడదీసి, ల్యాప్‌టాప్ వైరు తగిలించింది. లిఫ్టును నడిపే కంప్యూటరుకు గుండెకాయ లాంటిది కెర్నల్. తప్పులు వెతికే డీబగ్గర్‌తో ఆ కెర్నల్ కోడ్‌ను ఆపి ఆపి ఒక్కో లైనే నడిపిస్తూ పోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

మీట నొక్కింది. ఒక లైను. సరిగ్గానే ఉంది. మళ్లీ నొక్కింది.

పైన షోరూము కుర్రాళ్లు తలుపు లాగుతున్నారు. అది రావడం లేదు.

"ఎవరికన్నా ఫోన్ చెయ్ పాపా," అన్నాడు భీమరావు.

"సిగ్నల్ లేదు సార్ ఈడ."

భీమరావు చొక్కా గుండీలు విప్పుకుని గోడకు ఆనుకున్నాడు. "గుండెకు స్టెంట్లు వేసిండారు నాకు. మాత్రలేమో కింద గల్లాపెట్టె కాడ ఉండాయి."

అఫ్సానా ఇంకా వేగంగా నొక్కసాగింది. ఇంకో లైను, ఇంకో లైను. వేటికీ వంక పెట్టడానికి లేదు.

"ఏమైందమ్మా?"

"కోడ్ అంతా సరిగ్గానే ఉండాది సార్."

"సరిగ్గా ఉంటే మనం ఈడ యాల ఉండాం?"

ఆమె మళ్లీ మొదటికి వెళ్లి నొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి భీమరావు మాట ఆగింది. తలెత్తి చూస్తే ఆయన గోడ వెంట జారిపోతున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి.

ఇక తన వల్ల కాదనుకుంది అఫ్సానా. డీబగ్గర్ మూసేసి, లేచి రెండు చేతులతో తలుపు బాదింది. "పగలగొట్టండన్నా, సార్ పడిపోయినారు."

లిఫ్టు చిన్న కుదుపుతో పైకి కదిలింది. తలుపు తెరుచుకుంది.

నీళ్లు తాగి, మాత్ర వేసుకున్నాక భీమరావు ముఖంలోకి రంగు వచ్చింది. అఫ్సానా తలమీద చెయ్యి పెట్టి, "ఈ బిడ్డ లేకుంటే ఈపొద్దు నేను లేను," అని అందరికీ చెప్పాడు. వద్దంటున్నా వినకుండా ఒక పట్టుచీర తెప్పించి చేతిలో పెట్టాడు.

బయటికొచ్చి అఫ్సానా కుప్పంలో ఉండే మునిశేఖర్‌కు ఫోన్ చేసింది. ఆ కోడ్ రాసింది అతనే.

"అన్నా, లిఫ్టు నడుమన ఆగిపోయింది. లైను లైను చూసినా తప్పు దొరకలేదు. కడాకు దానంతటదే కదిలింది."

"కదలదా మరి? నిన్ననే సరిచేసినాను గదమ్మా. ఇప్పుడు యాడ ఆగినా నూరు లెక్కబెట్టుకోని అదే కదుల్తాది," అన్నాడు మునిశేఖర్. "ఎవరన్నా డీబగ్గర్ పెట్టి, దాన్ని లెక్కబెట్టుకోనీకుండా పట్టుకోనుంటే తప్ప."