అత్తగారి కుట్టుమిషను

“అబ్జెక్షన్!” అన్నారు వకీలుగారు. ఆ వెంటనే నాలిక కరుచుకున్నారు.

భోజనాల బల్లకు అవతల కూర్చున్న భార్య ఇంకా రెండు మాటలైనా అనలేదు. ఆమె పక్కనున్న మరదలు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇదిగో, ఇలాగే కదా రెండుసార్లు పరీక్ష తప్పారు!” అంది భార్య.

నిజమే. ముప్పై ఏళ్ళు కోర్టులో సాక్షుల చేత మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి. రక్తపోటు చూసి డాక్టరు ఇక కోర్టు మెట్లెక్కవద్దంటే, మధ్యవర్తి శిక్షణలో చేరారు. తగవులో ఉన్న ఇద్దరినీ కూర్చోబెట్టి అడ్డు రాకుండా వినాలి. విన్నది తిరిగి వాళ్ళకే చెప్పి, “అవును, నేనన్నది అదే” అనిపించుకోవాలి. ఆయన చేయలేనిది సరిగ్గా అదే. ఒకప్పుడు ఆయన దగ్గరే జూనియరుగా పనిచేసిన శిక్షకురాలు మొహమాటపడలేదు.

“సార్, కోర్టు లాయరు పని గెలవడం. దస్తావేజుల లాయరు పని రేపు తగవు రాకుండా ఇవాళే రాసిపెట్టడం. మధ్యవర్తి పని వినడం. మీకు మొదటిదొక్కటే వచ్చు,” అంది.

రేపే ఆఖరి పరీక్ష. అదీ పోతే ఇంటిపట్టున గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమే.

“మీరు ఇంట్లో కూర్చుంటే వాదించడానికి నేనొక్కదాన్నే దొరుకుతాను. నా కోసమైనా పాసవ్వండి,” అని భార్యే ఈ ఏర్పాటు చేసింది. ఉత్తుత్తి తగవులతో సాధన కుదరదని శిక్షకురాలు చెప్పిందట కదా అని, చెల్లెలితో తనకున్న సొంత తగవే బయటపెట్టింది. ఆయన ఆ ఇంటి అల్లుడు కాకముందే పోయిన తల్లి కుట్టుమిషను. అదిప్పుడు తండ్రితోపాటు చెల్లెలింట్లో ఉంది. అక్కకి కావాలి.

ఇంత కాపురంలో ఈ తగవు సంగతే వకీలుగారికి తెలియదు. కాస్త సిగ్గేసింది కూడా.

“సరే, చెప్పు. నోరెత్తను.”

“నల్ల మిషను. కిటికీ పక్కన ఉండేది...”

“ఆకుపచ్చది కదక్కా?” అంది మరదలు.

వకీలుగారి చెవులు నిక్కపొడుచుకున్నాయి. కోర్టులో అయితే ఈ ఒక్క ముక్క చాలు, కేసు మడిచి జేబులో పెట్టుకునేవారు. కానీ మధ్యవర్తి సాక్ష్యాలు తవ్వకూడదు. నాలిక చివరిదాకా వచ్చిన ప్రశ్నను మంచినీళ్ళతో మింగేశారు.

భార్య ఆయన వంక చూసింది. ఆమె గొంతు మారింది.

“రంగు సంగతి వదిలెయ్యండి. నేను బడి నుంచి వచ్చి ఏదో ఒకటి వాగుతుంటే అమ్మ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపేది. చప్పుడు ఆగిందంటే నా మాట వింటోందని లెక్క. మంచో చెడో, పూర్తయ్యేదాకా వినేది. పెళ్ళయ్యాక నేను మొదలుపెట్టిన మాట నేను ముగించింది లేదు. ఎవరో ఒకరు ముగించేసేవారు. తీర్పు కూడా చెప్పేసేవారు. అందుకే ఆ మిషను నా దగ్గరుంటే బాగుండుననిపిస్తుంది.”

ఆ ఎవరో ఒకరు ఎవరో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. ‘ఎప్పుడు? ఏ మాట? ఒక్కటి చెప్పు చూద్దాం!’ అని అడగడానికి పెదవులు కదిలాయి. బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఊరుకున్నారు.

“నువ్వన్నది తిరిగి చెప్తాను. తప్పయితే దిద్దు,” అన్నారు చివరికి. “నీకు కావలసింది మిషను కాదు. నీ మాట అయ్యేదాకా ఆగే మనిషి. అది నేను అయ్యుండాల్సింది. కాలేదు.”

భార్య తలూపి కళ్ళొత్తుకుంది. మరదలు రుమాల్లో మొహం దాచుకుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి.

“ఊరుకోమ్మా,” అన్నారాయన జాలిగా.

“మిషను నువ్వే తీసుకో అక్కా,” అంది మరదలు ఎలాగో గొంతు పెగుల్చుకుని.

“వద్దులేవే, నీ దగ్గరే ఉండనీ. నా మాట విన్నారు, అది చాలు.”

ఏ కేసు గెలిచినా వకీలుగారికి ఇంత సంతోషం కలగలేదు. చెల్లెల్ని వీధి చివరిదాకా సాగనంపడానికి భార్య వెళ్ళింది. అంతలో మామగారి ఫోను.

“చిన్నమ్మాయి బయలుదేరిందా బాబూ?”

“ఇప్పుడే మామగారూ! మీకో శుభవార్త. అక్కాచెల్లెళ్ళ తగవు తీర్చేశాను. అత్తగారి కుట్టుమిషను ఇక మీ ఇంట్లోనే ఉంటుంది.”

“ఏ కుట్టుమిషను?”

“అదేనండీ, కిటికీ పక్కన కూర్చుని అత్తగారు కుట్టేవారే, అది!”

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. కొత్తగా అబ్బిన విద్య కదా, వకీలుగారు అడ్డు రాకుండా ఓపిగ్గా ఆగారు.

“మీ అత్తగారు జన్మలో సూది పట్టి ఎరగదు బాబూ.”