అడ్డం పెట్టిన చక్రం

ఆదివారం పొద్దున కారు బాగుచేసుకుందామని సత్యదేవ్ సెల్లార్‌లోకి దిగేసరికి ఆ ముసలావిడ మళ్ళీ అక్కడే కూర్చుని ఉంది.

సరిగ్గా అతను కారు పెట్టుకునే చోటు పక్కనే. పిల్లర్‌కి ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని.

యాప్రాల్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లోకి సత్యదేవ్ అద్దెకు దిగింది మొన్న వేసవిలోనే. దిగిన దగ్గర్నుంచీ ఆమెను చూస్తూనే ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడదు. కాసేపు కూర్చుంటుంది, వెళ్ళిపోతుంది.

ఎవరని అడిగితే వాచ్‌మన్ జంగయ్య “మా సుట్టమే సార్” అని దాటేసేవాడు.

“కొంచెం జరుగుతారా అమ్మా? ఇక్కడ పనుంది.”

ఆమె లేచి గోడవారకు వెళ్ళి నిలబడింది.

సత్యదేవ్‌ది సెకండ్‌హ్యాండ్ కారు. పాత యజమాని షోకు కోసం దాన్ని బాగా కిందికి దించేయించాడు. చిన్న స్పీడ్‌బ్రేకర్ వచ్చినా పొట్ట గీసుకునేది. ఇప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర ఏదో టకటకలాడుతోంది. తనే చూసుకుందామని వీడియోలు చూసి సిద్ధమయ్యాడు.

జాకీ దూరేంత సందు కూడా లేదు. అందుకని వీడియోలో చూపించినట్టే ముందు చక్రాలను చెక్క పలకల మీదికి ఎక్కించాడు. జాకీ పెట్టి లేపాడు. చక్రం విప్పి పక్కన పడేశాడు.

కిందికి దూరేముందు కారును స్టాండ్ల మీద నిలబెట్టాలని కూడా ఆ వీడియోలో చెప్పారు.

స్టాండ్లు లేవు. ఒక్క బోల్టు బిగించడానికి అవెందుకులే అనుకున్నాడు.

అట్ట పరుచుకుని, వెల్లకిలా కారు కిందికి జరిగాడు.

“బిడ్డా, బైటికి రా.”

ముసలావిడ గొంతు వినడం అతనికి అదే మొదటిసారి.

“జాకీ ఉందమ్మా. ఏం కాదు.”

“జాకీ ఆగదు. బైటికి రా.”

“అయిపోవచ్చింది. మీరెళ్ళండి.”

“నీ కాళ్ళు మొక్కుత. జెర బైటికి రా బిడ్డా.”

సత్యదేవ్‌కి చిరాకేసింది.

“కార్ల గురించి మీకేం తెలుసండీ? జంగయ్యా, ఈవిణ్ణి తీసుకెళ్ళవయ్యా. ఇంకోసారి సెల్లార్‌లోకి రానివ్వకు.”

“వస్తున్న సార్,” గేటు దగ్గర్నుంచి జంగయ్య పలికాడు.

ఆమె జంగయ్య కోసం చూడలేదు. పక్కన పడి ఉన్న చక్రాన్ని లేవనెత్తింది. దొర్లించుకుంటూ వచ్చి కారు పక్కన పడుకోబెట్టింది.

“దాన్ని ముట్టుకోకండి.”

ఆమె వినలేదు. నేల మీద చతికిలబడి, రెండు కాళ్ళతో తన్నిపట్టి చక్రాన్ని కారు అంచు కిందికి తోసింది.

కసురుకుంటూనే సత్యదేవ్ స్పానర్‌ని గట్టిగా లాగాడు. తుప్పుపట్టిన బోల్టు కదల్లేదు. రెండు చేతులతో మళ్ళీ లాగాడు.

కారు ఊగింది.

జాకీ నేల మీద గీసుకున్న చప్పుడు. ఆ వెంటనే పైనున్న ఇనుమంతా అతని మీదికి వచ్చేసింది.

వచ్చి, ఆగింది.

చక్రం మీద ఆగింది.

సత్యదేవ్ ముక్కుకు చల్లగా ఏదో తగులుతోంది. తను బతికే ఉన్నాడో లేదో అతనికి వెంటనే తెలియలేదు. ఎవరో తన చీలమండను రెండు చేతులా పట్టుకుని లాగుతున్నారని మాత్రం తెలిసింది.

“మెల్లగ. మెల్లగ రా బిడ్డా.”

జంగయ్య కూడా వచ్చి పట్టాడు. ఇద్దరూ కలిసి బయటికి లాగారు. చొక్కా చిరిగింది. మోచేయి గీరుకుపోయింది. అంతే.

చప్పుడుకి పైనుంచి జనం దిగివచ్చారు. భార్య దేవిశ్రీ పరుగెత్తుకొచ్చి అతని తల, ఛాతీ తడిమి చూసింది. ఎదురింటి రాఘవేందర్ వంగి కారు కిందికి చూశాడు.

“ఆ చక్రమే లేకుంటే...” అని మిగతాది మింగేశాడు.

ముసలావిడ ఇంకా సత్యదేవ్ కాలు వదల్లేదు. జంగయ్యే నెమ్మదిగా ఆమె వేళ్ళు విడదీశాడు.

ఆమె అతని మొహంలోకి ఒకసారి చూసింది. కొంగు దులుపుకుని లేచింది. ర్యాంపు ఎక్కి వెళ్ళిపోయింది. ఆ గొడవలో ఎవరూ ఆమెను ఆపలేదు.

దేవిశ్రీ మోచేతికి గుడ్డ కట్టేదాకా సత్యదేవ్ అక్కడే కూర్చున్నాడు. కట్టగానే గేటు దగ్గరికి పరుగెత్తాడు.

“ఆవిడేది జంగయ్యా?”

“ఆటో ఎక్కి పోయింది సార్.”

“ఇల్లెక్కడ?”

“కాప్రా దిక్కు అంటరు. నాకు తెల్వది.”

“మళ్ళీ ఎప్పుడొస్తుంది?”

“ఇగ రానని చెప్పి పోయింది.”

సత్యదేవ్ తల దించుకున్నాడు. “నేనలా అన్నందుకేనా?”

“కాదు సార్. గా మాట ఆమె ఇన్నదో లేదో సుత తెల్వది.” జంగయ్య గేటు గొళ్ళెం వేసి దగ్గరికి వచ్చాడు. “నేనే మీకు అబద్ధం చెప్పిన. ఆమె నాకు సుట్టం కాదు.”

“మరి?”

“మీకంటే ముందు మీ ఫ్లాట్‌ల తిరుమల్ అనే పిలగాడు ఉండె. ఆదివారమొస్తే కారు విప్పుకుంట కూసునేటోడు. గా జాగలనే, గిట్లనే జాకీ జారింది. విప్పిన చక్రమన్న కింద పెట్టుకుంటే బతుకుతుండెనని తర్వాత అందరన్నరు. గీ సంగతి తెలిస్తే ఇంట్ల ఎవ్వరు దిగరని ఓనర్ మీకు చెప్పొద్దన్నడు.”

సత్యదేవ్ వెనక్కి తిరిగి సెల్లార్ వైపు చూడలేకపోయాడు.

“ఆవిడ...”

“తిరుమల్ తల్లి సార్,” అన్నాడు జంగయ్య, “ఆ దినం సుత అందరికంటే ముందుగాల ఆమెనే ఉరికొచ్చింది, గని అప్పటికే అయిపోయి ఉండె.”