నాయన జపాను

ఉడికించిన సోయా కాయను కోదండం తొక్కతో సహా నోట్లో వేసుకుని నమలసాగాడు.

పక్క బల్ల దగ్గర ఇద్దరు జపాను ఇంజనీర్లు అవే కాయలు తింటున్నారు. పళ్ల మధ్య నొక్కి, లోపలి గింజలు మాత్రం తిని, తొక్క గిన్నెలో పడేస్తున్నారు. భువనేశ్వరి అది చూసింది. కోదండం చూడలేదు. తొక్క నారనారగా నోట్లో తిరుగుతుంటే, మింగలేక, ఉమ్మలేక, కూతురి ముందు నవ్వుముఖం పెట్టుకుని కూర్చున్నాడు.

వడ్డించే అమ్మాయి స్టెల్లా ఏదో చెప్పబోయింది. భువనేశ్వరి చప్పున ఒక కాయ తీసుకుని తనూ తొక్కతోనే నమిలింది.

"బాగుండాది నాయనా."

"ఆడ రోజూ ఇదే పాపా," అన్నాడు కోదండం, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

కోదండానిది నగరి. మరమగ్గం మీద వచ్చేది చాలక పని వెతుక్కుంటూ ఇల్లు విడిచేనాటికి భువనేశ్వరి బడికి పోయే పిల్ల. ఇప్పుడు రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్ల కంపెనీలో ఉద్యోగం, తిరుపతిలో హాస్టలు. ఇన్నేళ్లూ ఆమెకు తండ్రంటే ఆదివారం వచ్చే ఫోనే. అందులోనే జపాను గురించి చెప్పేవాడు. మంచు పడితే దారులు మూసుకుపోతాయట. రైళ్లలో ఎవరూ గట్టిగా మాట్లాడరట. పూల కాలం వస్తే ఊరంతా చెట్ల కింద చేరి భోజనాలు చేస్తారట. మాట మధ్యలోనే ఫోను తెగిపోయేది. మిగిలింది మళ్లీ వారం చెప్పేవాడు. వీడియోలో కనపడమంటే మాత్రం, అట్లాంటి ఫోన్లు లోపలికి రానివ్వరనేవాడు.

కోదండం తన తల్లి గంగులమ్మ కర్మంతరానికి నిన్న వచ్చాడు. వెంట ఇద్దరు స్నేహితులు. పెద్దాయన జయరావు, చిన్నవాడు మోహన. ముగ్గురిదీ ఒకే చోట పనని కోదండం అందరికీ చెప్పాడు. రాత్రి వాళ్లిద్దరూ వాకిట్లోనే పడుకుంటామంటే భువనేశ్వరి దుప్పట్లు తెచ్చి ఇచ్చింది. జయరావును మామా అని పిలిచింది.

ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎదురింటి తిరుమలమ్మ కోదండాన్ని పట్టుకుంది. జపానులో ఏం తింటారని అడిగింది. అన్నం, చేపలు అన్నాడు. ఇంకా ఏం తింటారంది. కోదండం మళ్లీ అన్నం, చేపలే అన్నాడు. ఇన్నేళ్లు ఉండి తిండి పేర్లు కూడా తెలియవా అని ఆమె నవ్వేసరికి, పంక్తిలో వాళ్లంతా తలలెత్తారు.

వడ్డిస్తున్న భువనేశ్వరి రసం గిన్నె కింద పెట్టింది. తిరుపతిలో జపాను హోటలు ఉందనీ, తిరిగి పోయే దారిలో నాయన తనకు దగ్గరుండి అన్నీ తినిపిస్తాడనీ, ఫోటోలు పంపిస్తాననీ చెప్పింది.

అట్లా సాయంత్రం నలుగురూ ఎక్కిన కారు ఈ హోటలు ముందు ఆగింది. కోదండం జయరావు వైపు చూశాడు. జయరావు గడియారం చూసుకుని, సరే, తొందరగా కానివ్వమన్నాడు.

బయట ఎర్ర కాగితపు లాంతర్లు. జపానువాళ్లు పని దిగి వచ్చి తాగుతూ తినే చోటు. తాగడానికి ఏం కావాలని స్టెల్లా అడిగితే మగవాళ్లు ముగ్గురూ మంచినీళ్లే అన్నారు. పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన కోడిముక్కలు వచ్చాయి. ఆవిరి కుడుములు వచ్చాయి. కుడుములు తినడానికి ఇచ్చిన రెండు కడ్డీలను కోదండం వేళ్ల మధ్య ఇరికించుకోబోయాడు. కుడుము జారి నీళ్ల గ్లాసులో పడింది. మోహన తల పక్కకు తిప్పుకున్నాడు.

భువనేశ్వరి తన కడ్డీలు పక్కన పెట్టేసింది.

"చేత్తో తిందాం నాయనా. ఈడ మనల్ని ఎవురు సూడొచ్చినారు?"

ఇద్దరూ చేతులతోనే తిన్నారు. కోడిముక్కల పుల్ల చేతికిచ్చి, నవ్వమని, ఆమె తండ్రికి ఫోటో తీసింది. అక్కడికక్కడే తిరుమలమ్మకు పంపింది.

పక్కనే గడ్డకట్టిన పెరుగు అమ్మే చిన్న కొట్టు. నలుగురికీ నాలుగు కప్పులు తీసుకుంది. పైన మామిడిపండు ముక్కలు. కోదండం ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"చల్లనిది తిని ఎన్నేండ్లయిందో," అన్నాడు.

అన్నాక గతుక్కుమన్నాడు. చెంచా కప్పులోనే ఆగిపోయింది. భువనేశ్వరి తన కప్పులోని మామిడి ముక్కలు తీసి అతని కప్పులో వేసింది.

"అవ్వకు పెరుగంటే పాణం గదా నాయనా. చివర్లో కూడా అదే అడిగింది."

పొద్దున పిండం పెట్టినప్పుడు కూడా ఏడవని కోదండం అప్పుడు ఏడ్చాడు. ఎడమచేతిలో కప్పు పట్టుకుని, కుడిచేత్తో కళ్లు ఒత్తుకుంటూ, శబ్దం లేకుండా ఏడ్చాడు. పెరుగు కరిగి వేళ్ల మీదుగా కారింది. భువనేశ్వరి ఓణీ కొంగుతో ఆ వేళ్లు తుడిచింది.

"వచ్చే వారం ఫోన్ జేస్తా పాపా," అన్నాడు చివరికి. "ఆడ పూల కాలం వస్తాంది. ఎట్లుంటాదో చెప్తా."

"చెప్పు నాయనా. నేను వింటా ఉంటా."

ముఖం కడుక్కొస్తానని కోదండం హోటలు లోపలికి వెళ్లాడు. మోహన కూడా వెనకే వెళ్లాడు.

జయరావు, భువనేశ్వరి మిగిలారు. ఆమె ఒకసారి లోపలి వైపు చూసింది. తరువాత జయరావు దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించింది. ఈసారి మామా అనలేదు.

"సార్, జైలు కాడికి పోయేదాకా నాయనకు బేడీలు వెయ్యబాకండి, నాకంతా తెలుసని కూడా చెప్పబాకండి, చెప్తే ఆయనకు ఆ జపాను కూడా లేకుండా పోతాది."